మూడు కాలువల ఊరినుండి సూర్యలంక వరకు

కార్తిక పూర్ణిమనాడు సూర్యలంకలో సముద్రస్నానము చేయవలెనని మా అత్తగారు చాల కాలమునుండి కోరుచుండిరి. ఈ యేడు ఆమెను వెంటబెట్టుకొని మేమును, మా ఆడపడుచును బయలుదేరితిమి. బాపట్లకు తిన్నగా పోవు రైళ్ళు లేకపోలేదు. కాని రేపల్లె దాపున నొక పల్లెలో మా పినతల్లి కుమార్తె కాపురమున్నది. వేసవిలో వారి రొయ్యల చెరువునకు వచ్చిన నష్టమును విని యుండియు, పోయి పలుకరించినవారము కాము. అందుచేత తెనాలిలో దిగి, రేపల్లె పోయి, చెల్లెలిని చూచి, అక్కడనుండి బాటవెంట బాపట్ల చేరుటకు నిశ్చయించుకొంటిమి. పుణ్యమునకై బయలుదేరిన మేము దారిపొడుగునను లెక్కలు నేర్చుకొనవలసి వచ్చినది.

తెనాలిని ఆంధ్రా పారిస్ అని పిలుచుట అందరును ఎరిగినదే. సీతానగరము దగ్గర కృష్ణనుండి బయలుదేరిన పడమటి కాలువ చీలికలు మూడు ఈ పట్టణము నడుమగా పోవుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. అసలు పారిస్ నగరమును మేము చూచి యుండలేదు గనుక పోలికను గూర్చి మాటాడము. రేపల్లె బండికి రెండు గంటల వ్యవధి యుండుటచే, కాలువ చూతమని వంతెన మీదికి పోతిమి. అక్కడ నీరు కానరాలేదు. ఈ గట్టునుండి ఆ గట్టు వరకు పచ్చని తివాచీ పరచినట్లు గుర్రపుడెక్క అల్లుకొని యున్నది. నడుమ నడుమ లేత ఊదారంగు పూలు. మా అత్తగారు ఆ పూలను చూచి మురిసిపోయి, "ఇంత అందమైన పూలను ఎవరూ కోసుకోరేమే?" అనిరి.

కొంచెము దూరమున ఒక పొక్లెయిను ఆ తీగలను పెల్లగించి గట్టున పోయుచుండెను. కూలివారిలో నొక ముసలివాడు మా మాట విని నవ్వి, "పూలకేమమ్మా, ఎన్నయినా కోసుకోండి. పోయిన నెల ఇక్కడిదాకా శుభ్రం చేశాం. మళ్ళీ చూడండి" అని చేయి చూపెను. పిమ్మట అత్తగారి ముచ్చట తీర్చుటకై ఒక దుబ్బును వేరుతోసహా కడిగి ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చెను. దొడ్డిలోని సిమెంటు తొట్టిలో పెంచెదనని ఆమె దానిని భద్రముగా బుట్టలో పెట్టుకొనిరి. వలదని చెప్పవలెనని నోటివరకు వచ్చినది కాని, యాత్రలో మొదటిదినముననే పెద్దవారి మాటకు అడ్డము చెప్పుట యెందుకని ఊరకుంటిమి.

ఈ మొక్క మన దేశపుది కాదు. దక్షిణ అమెరికానుండి, పూల అందము చూచియే, పందొమ్మిదవ శతాబ్దపు చివర బంగాళమునకు దీనిని తెచ్చిరి. ఎండ, నిలువనీరు, పొలములనుండి కొట్టుకొనివచ్చిన ఎరువు, ఊరి మురుగు దొరికినచో రెండు వారములలో ఒక దుబ్బు రెండగును. ఇంతేగదా యని తోచును. వైశాఖములో ఒక గుంటలో ఒక్క దుబ్బు మిగిలియున్నదనుకొందము. పక్షమునకు రెండు, నెలకు నాలుగు, రెండు నెలలకు పదునారు. అంతవరకు ఎవరి కంటను పడదు. నాలుగు నెలలకు రెండువందల ఏబదియారు. ఆరు నెలలకు, అనగా కార్తికము వచ్చునప్పటికి, నాలుగువేల తొంబదియారు! అయిదు నెలల కాలములో పెరిగినంతకు మూడింతలు చివరి నెల యొక్కటియే పెరుగును. పొయ్యి మీద పాలు పెట్టి, ఎంతసేపటికిని కాగుట లేదని పక్కకు తిరిగిన యిల్లాలు ఈ లెక్కను బాగుగా గ్రహింపగలదు.

అయినను ఈ రెట్టింపు అంతులేక సాగదు. కాలువకు రెండు గట్లున్నవి. నీటిమీద చోటు నిండిన పిదప దుబ్బు దుబ్బును నెట్టును, క్రింది ఆకు కుళ్ళును, క్రొత్తది పుట్టినంతగా పాతది చచ్చును. ఇంగ్లండు దేశస్థుడగు మాల్థస్ అను పండితుడు 1798లో, జనులు రెట్టింపు వరుసన పెరుగుదురనియు, తిండి యట్లు పెరుగదనియు వ్రాసి లోకమును భయపెట్టెను. నలుబది యేండ్ల తరువాత, 1838లో, వెర్‌హుల్‌స్ట్ అను బెల్జియము గణితజ్ఞుడు ఆ మాటకు ఒక గీత గీచి చూపెను. మొదట మందముగా, నడుమ నిటారుగా, పైన మరల మందమై చదునగు గీత అది. ఆ చదును ఎంత యెత్తున నిలుచునో అదియే ఆ చోటు మోయగల బరువు. దానిని భరణశక్తి యందము. ప్రతి ప్రాణియు ఆ చదునును మెల్లగా చేరునని మాత్రము అనుకొనరాదు. కొన్ని దానిని దాటిపోయి కూలును. అట్టిదియొకటి రేపల్లెలో మా చెల్లెలి నోట విన్నాము.

రేపల్లె బండిలో కూర్చున్న పిదప ఇరువైపుల వరిచేలే. వెన్ను వంగి, పసుపు తిరుగుచున్న చేలు. భట్టిప్రోలు స్టేషను రాగానే మా ఆడపడుచు కిటికీనుండి తొంగిచూచెను. ఇచ్చటి బౌద్ధస్తూపములో దొరకిన ధాతుకరండముల మీది వ్రాత రెండువేల సంవత్సరములకు పైబడినది. అన్ని యుగములనుండియు ఈ నేల మనుష్యులను పోషించుచునే యున్నది. కాని ఎందరిని? 1832-33లో, నందన సంవత్సరమున, వానలు లేక ఈ గుంటూరు సీమను పట్టిన కరవును మన పెద్దలు డొక్కల కరవనిరి. అయిదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువగాక చచ్చిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి. కృష్ణానది అప్పుడును ఈ పొలముల ప్రక్కనుండియే సముద్రమునకు పోవుచుండెను! నీరు ఏటిలో నున్నది, చేనిలో లేదు. కాటన్ దొర ప్రోద్బలమున కెప్టెన్ ఆర్ 1852లో ఆరంభించి 1855లో బెజవాడ ఆనకట్టను ముగించిన తరువాత, అదే నేల, అదే యేరు, ఎన్నో రెట్లు మందికి అన్నము పెట్టినవి. ఆ ఆనకట్ట 1952లో తెగగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది.

భరణశక్తి రాతిమీద చెక్కిన అంకె కాదని యిందువలన తెలియుచున్నది. మనుష్యుడు దానిని పెంచగలడు. ఐతే పెంచినప్పుడెల్ల ఎక్కడనుండియో తెచ్చి పెంచును. పైన కట్టిన ఆనకట్టలలో నీటితోబాటు ఒండ్రుమట్టియు ఆగుచున్నది. ఆ మట్టితోనే యేర్పడిన డెల్టా అంచును సముద్రము కోసివేయుచున్నది. కృష్ణలో నీరు చాలనప్పుడు 2015నుండి పట్టిసీమ వద్ద గోదావరిని తోడి ఈ కాలువలకు త్రిప్పుచున్నారు. ఇంటి బియ్యము చాలక పొరుగింట చేబదులు తెచ్చుకొనుట వంటిదే యిది. పొరుగిల్లు నిండుగా నున్నంతకాలము చింత లేదు.

చెల్లెలు స్టేషనునకే వచ్చెను. మనిషి చిక్కిపోయెను. చేతులకు మట్టిగాజులు మాత్రమే యుండుట మేము చూచితిమి, మా అత్తగారును చూచిరి. ఎవరమును మాటాడలేదు. భోజనములైన పిదప వరండాలో కూర్చుండి తానే చెప్పెను.

ఈ సముద్రపు అంచు ఊళ్ళలో 1990 తరువాతి యేండ్లలో రొయ్యల సాగు ఉప్పెనవలె వచ్చినది. అప్పుడు టైగరు రొయ్య. వరికంటె ఎన్నో రెట్ల ఆదాయమని చేలను చెరువులుగా త్రవ్విరి. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే ఖాళీ యయ్యెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరపు చెరువుల మీద కఠినమైన తీర్పు నిచ్చినది. పిమ్మట 2005లో ఒక చట్టము, 2009నుండి వనామీ అను క్రొత్తజాతి రొయ్య. మా మరిది ఈ వనామీ కాలపు రైతు. రెండెకరముల చెరువు.

"చదరపు మీటరుకి అరవై పిల్లల దాకా వేసుకోవచ్చంటారక్కా. ఎకరానికి రెండు లక్షల నలభై వేలు. ఈయన రెండు లక్షలే వేశారు. చట్టం ప్రకారం తక్కువే. మా చెరువు మాత్రం ఆ చట్టం చదువుకోలేదు" అని చెల్లెలు నవ్వెను. ఆ నవ్వు మాకు నవ్వు పుట్టింపలేదు.

చెరువును గూర్చి ఆమె చెప్పినది మా కంతకుముందు తెలియదు. పగలు నీటిలోని పచ్చదనము ఎండకు ప్రాణవాయువును విడుచును. రాత్రి యైనతోడనే ఆ పచ్చదనమును, రొయ్యలును, అడుగున కుళ్ళుచున్న మేతయు, అన్నియు కలిసి అదే గాలిని పీల్చును. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు చెరువులో గాలి కడు తక్కువగును. అప్పుడే చెరువు ఎన్నింటిని మోయగలదో తేలును. మధ్యాహ్నము చూచినవారికి నాలుగు లక్షలును చక్కగానే కానవచ్చును. అందుకై ఏరియేటర్లు అను చక్రములను రాత్రియంతయు త్రిప్పుచు నీటిని చిలుకుదురు. ఇది చెరువు భరణశక్తిని కరెంటుతో కొనుట యన్నమాట. వేసవిలో మబ్బులు పట్టిన నాలుగుదినముల మీద ఒక తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు మొరాయించెను. అప్పటికి పంట ఏబదిదినములది. రొయ్యలు మీసములు పైకెత్తి గట్టువెంట తేలెను. మూడవవంతు ఆ ఒక్క ఉదయమే పోయినవి. మిగిలినవి నీరసించి తెగులునకు లోబడినవి. వారము తిరుగకుండ పట్టుబడి చేయగా నూటపది కౌంటు వచ్చెను. కౌంటనగా కిలోకు తూగు రొయ్యల సంఖ్య. అంకె పెరిగిన కొలది రొయ్య చిన్నది, ధర తక్కువ. మేత అప్పునకు చెల్లెలి గాజులు నాలుగును బ్యాంకులోనికి పోయినవి.

"మళ్ళీ పంట వేసేటప్పుడు కూడా ఆయన పక్క చెరువు వాళ్ళు రెండు లక్షలు వేస్తున్నారన్నారక్కా. నేను పుస్తకం తీసి ముందు పెట్టాను. మేతకెంత, కరెంటుకెంత, డీజిలుకెంత, అన్నీ నా రాతే కదా. పక్కవాణ్ణి కాదు, చెరువునడిగి వెయ్యండి అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. చివరికి ఎకరానికి ఎనభై వేలే వేశారు. దిగులేమిటంటే, ఈసారి ధర బాగుండి పక్కవాళ్ళు గెలిచారనుకో, జన్మంతా నన్ను అంటూనే ఉంటారు."

ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. చెరువు ఇంటికి కూతవేటు దూరము. చక్రముల చప్పుడు వానవలె వినబడుచుండెను. పూర్ణిమకు ముందటి రాత్రి. అమావాస్య పున్నములకు రొయ్యలు పైగుల్లను విడుచుననియు, అప్పుడవి మెత్తబడి, గాలి ఎక్కువ కోరుననియు ఇక్కడి రైతులందరును చెప్పుదురు. మూడు గంటలు దాటిన పిమ్మట చప్పుడు ఆగెను. మేము లేచునప్పటికే చెల్లెలు మంచము మీద లేదు. నిశ్శబ్దమే వారికి మేలుకొలుపు! వెన్నెలలో గట్టుమీద ఆమె టార్చి పట్టుకొని వంగి నీటియంచు చూచుచు పరుగెత్తుచున్నది. షెడ్డులో మరిది జనరేటరు తాడు లాగుచున్నాడు. ఒకసారి, రెండుసార్లు, ఎన్నిసార్లో. ఎంతసేపైనదో చెప్పలేము, పావుగంట యుండవచ్చును. మాకు ఒక జామువలె తోచినది. తుదకు చక్రములు తిరిగెను. ఒక్క రొయ్యయు పైకి రాలేదు.

మరిది గట్టెక్కి వచ్చి, పంచె పిండుకొనుచు, "ఏం తేలలేదు కదూ?" అని భార్య నడిగెను. "తేలలేదు" అనెను చెల్లెలు. అంతకు మించి ఇద్దరును ఏమియు అనుకొనలేదు. వదినగారికి కాఫీ పెట్టుమని చెప్పి ఆతడు మేత పళ్ళెమును తీసి చూచుటకు పోయెను.

తెల్లవారగనే కారులో చెరుకుపల్లి మీదుగా బాపట్లకు సాగితిమి. దారిలో ఒక చేని దగ్గర యానాదులు వెదురు బుట్టలు ఎత్తుచుండిరి. అవి ఎలుకల బుట్టలు. మా ఆడపడుచునకు ఎలుక యనిన గుండె ఆగును. ఆమె కారు దిగలేదు. మేము దిగి చూచితిమి. చేలలోని ఎలుక మూడు వారములు మోసి, ఈతకు ఆరేడు పిల్లలను పెట్టును. ఆ పిల్ల మూడు నెలలకు తల్లి యగును. వరి పొట్టకు వచ్చినప్పుడు దుబ్బులు కొరుకును, గింజ గట్టిపడిన పిదప వెన్నులు కోసి కలుగులో దాచును. ఎలుకకు ఇంతని రైతు డబ్బిచ్చును. కలుగులో దొరకిన ధాన్యము పట్టినవారిదే. ఎలుకలు ఎప్పటికైన తీరునా యని అడుగగా, బుట్టలు మోయుచున్న యానాది స్త్రీ, "గింజ ఉన్నన్నాళ్ళు ఉంటాయమ్మా. కోతలయ్యాక వాటిని అవే తగ్గించుకుంటాయి. మళ్ళీ మినుము వేస్తారుగా" అనెను. వెర్‌హుల్‌స్ట్ పండితుడు గీచిన గీత ఆమెకు కలుగులో కనబడినది. ఎలుకల భరణశక్తిని ఎలుకలు నిర్ణయించుకొనుట లేదు. మనము విత్తు పంటయే ఏటేట దానిని పెంచి తగ్గించుచున్నది.

బాపట్లను గూర్చి కొంచెమే చెప్పెదము. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఈ ఊరి గౌరవము. 2022 ఏప్రిల్ నుండి ఇది జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రేపల్లె ఈ జిల్లాలోనికి వచ్చినది, తెనాలి గుంటూరులోనే నిలిచినది. 2011 జనగణనలో తెనాలిలో లక్షా అరువదియైదువేలు, బాపట్లలో డెబ్బదియొకవేలు, రేపల్లెలో ఏబదియొకవేలు జనము, కొంచె మటునిటుగా. సూర్యలంక ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. ఆ తొమ్మిది కిలోమీటర్లకు మాకు రెండుగంటలు పట్టినది. ఈ మూడు ఊళ్ళ జనమును ఇక్కడికే వచ్చెనా యనిపించెను. ఇసుక కానరాలేదు. తెనాలి కాలువలో నీరు కానరానట్లే!

ఆ గుంపును చూచి మా ఆడపడుచు, "గుర్రపుడెక్కకూ మనకూ తేడా ఏముంది వదినా?" అనెను. అత్తగారు తడిచీర పిండుకొనుచు బదులు చెప్పిరి. "మా అమ్మకు ఎనిమిదిమందిమి. నేను నలుగురిని కన్నాను. మీరు ఇద్దరిద్దరితో సరిపెట్టారు. పెద్దమనుమరాలు ఒకత్తె చాలంటోంది. గుర్రపుడెక్క ఇట్లా లెక్కపెట్టుకుంటుందటే?"

ఆ మాటలో మన రాష్ట్రపు చరిత్ర యంతయు నున్నది. 1992-93లో జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రదేశపు స్త్రీకి సగటున రెండున్నరకు పైగా బిడ్డలు. 2019-21 నాటికి 1.7 మాత్రమే. జనసంఖ్య తరుగక పెరుగక నిలుచుటకు 2.1 కావలెను. డొక్కల కరవు నాడు గీతను వంచినది ఆకలి. ఈ కాలమున వంచినవారు తల్లులు. ఆస్పత్రి యుండి, పుట్టిన బిడ్డ బ్రతుకునను నమ్మకము కలిగి, చదువుకొని, పెండ్లి నాలుగేండ్లు వెనుకకు జరుపుకొనిన స్త్రీలు తమంతట తామే గీతను వంచిరి. మాల్థస్ పండితుని లెక్కలో ఈ అంకె లేదు. ఇద్దరిని మించి బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో మన రాష్ట్రమున శాసనము చేసిరి. 2024 నవంబరులో దానిని తీసివేసిరి. ఇప్పుడు ఎక్కువమందిని కనుడని చెప్పు పెద్దలు వినవచ్చుచున్నారు. తక్కువ కనుడన్నప్పుడును, ఎక్కువ కనుడన్నప్పుడును, బిడ్డను మోయు ఆడుదానికి ఆ ఇంటి భరణశక్తి యెంతయో ఆమెనే అడుగుట మంచిదని మా అభిప్రాయము. మా చెల్లెలు చెరువు విషయమున కోరినది ఇంతే గదా.

మధ్యాహ్నము బాపట్ల స్టేషనులో బండికై కూర్చుండగా చెల్లెలు ఫోను చేసెను. పొద్దుటి మేత పళ్ళెము ఖాళీ యైనదట. గుల్ల విడిచినవి అన్నియు గట్టిపడుచున్నవట. మార్గశిరము వెళ్ళునప్పటికి అరువది కౌంటు వచ్చునేమో యని మరిది అనుచున్నాడట. పక్క చెరువు సంగతి మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. ఈ వ్యాసము వ్రాయునాటికి పట్టుబడి కాలేదు.

తెనాలినుండి తెచ్చిన దుబ్బును అత్తగారు ఇల్లు చేరిననాడే తొట్టిలో వేసిరి. ఒక పూవు పూచినది. నిజమునకు చాల అందమైన పూవే. రెండవది పూచిన తరువాత తీసివేసెదనని ఆమె మాట ఇచ్చియున్నారు. నేటి ఉదయము లెక్కపెట్టితిమి, తొట్టిలో దుబ్బులు నాలుగు.